టేపులో వినిపించిన బావ

"ఇంకోసారి పెట్టండి," అన్నాడు డిటెక్టివ్ శుభాకర్.

ఇన్‌స్పెక్టర్ గురునాథరావు గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పటికే మూడుసార్లు విన్నారు. అయినా తాను గెలిచిన ఆటని ఇంకోసారి చూపించడానికి ఎవరికి చేదు? టేపు వెనక్కి తిప్పి మళ్లీ వదిలాడు.

ముందు చాలాసేపు ఏమీ లేదు. సీలింగ్ ఫ్యాను కిర్రుమంటోంది. హార్బర్లో ఎక్కడో ఓడ కూసింది. తర్వాత ఎవరివో అడుగులు, గోడ మీద చెక్క రాసుకున్న చప్పుడు. అప్పుడు హుస్సేన్ బాషా గొంతు. కోపం లేదు అందులో, నొచ్చుకున్న మనిషి గొంతులా ఉంది.

"బావా, ఏటి సేత్తన్నావ్? దాన్ని దించకు. రేపు అందరి ముందరా సెప్తాను, అప్పటిదాకా అక్కడే ఉండనీ."

ఒక దెబ్బ. బరువుగా ఏదో పడ్డ చప్పుడు. మళ్లీ ఫ్యాను ఒక్కటే.

"విన్నావుగా? బావా అన్నాడు. ఇంక నీ పరిశోధన ఏమిటో నాకర్థం కావడంలేదయ్యా," అన్నాడు గురునాథరావు.

ఈ టేపు ఎక్కణ్నుంచి వచ్చిందో ముందు చెప్పుకోవాలి. హుస్సేన్ బాషా ఓడల మీద పేర్లు రాస్తూ బతుకు మొదలుపెట్టి, హార్బరు కూలీల బొమ్మలు వేసి దేశమంతా పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. ఆయన మీద ఒక మద్రాసు కంపెనీ డాక్యుమెంటరీ తీస్తోంది. డైరెక్టరూ కెమెరామనూ రెండూ శ్రీరామ్మూర్తే. సౌండు పట్టేది గురువులు. లైట్లకి ఇంకో ఇద్దరు. నిన్న సాయంత్రం నాలుగు దాటాక, పాత పోస్టాఫీసు వెనక సందులో, మేడమీద తను బొమ్మలు వేసుకునే ఈ గదిలోనే ఎవరో రంగులు నూరే రాయితో బాషాని తల వెనక కొట్టి చంపారు.

సినిమావాళ్లకి ఒక పద్ధతి ఉంది. షూటింగయ్యాక మనుషుల్ని బయటికి పంపేసి, ఆ గదిలోని నిశ్శబ్దాన్ని కాసేపు టేపు చేసుకుంటారు. ఎడిటింగులో మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి అది కావాలి. నిన్న శ్రీరామ్మూర్తి ట్రంకాల్ ఉందని ముందే వెళ్లిపోయాడు. తర్వాత గురువులు మిషను ఆన్ చేసి, దాని మోత వినపడకుండా మూలన దుప్పటి కప్పి, లైట్లవాళ్లని వెంటబెట్టుకుని టీకి దిగాడు. బాషా మాత్రం కిటికీ దగ్గర కుర్చీలో కదలకుండా కూర్చుంటానన్నాడు. నిశ్శబ్దం కోసం పెట్టిన టేపులో హత్య పడింది.

"టీకొట్టు సరిగ్గా ముందు మెట్లకి ఎదురుగా ఉంది. పైకి ఎవరూ ఎక్కలేదని ముగ్గురూ ఒకటే మాట చెబుతున్నారు," అని గురునాథరావు లెక్క మొదలుపెట్టాడు. "ఎక్కితే వెనక మెట్లే ఎక్కాలి. ఆ మెట్లు దావూద్ కొట్లోంచి వస్తాయి. టీకొట్టు దగ్గర లేనివాళ్లు ఇద్దరే. డైరెక్టరు, దావూద్. రాత్రంతా కళ్లు మూయకుండా యూనిట్ తీసిన టేపులన్నీ విన్నాను. ప్రతిదాంట్లోనూ బాషా ఆయన్ని సార్ అనే పిలిచాడు. బావా అని ఇంకెవర్ని పిలుస్తాడు? అక్క మొగుణ్ని తప్ప."

దావూద్ బాషాకి అక్క మొగుడే. కింది వాటాలో పటాలకి ఫ్రేములు కట్టుకుని బతికే మనిషి. ఆయాసం రోగి. నిన్న రాత్రి నుంచి లాకప్పులో ఉన్నాడు. హత్య జరిగినప్పుడు పక్కనే ఉన్న మసీదులో నమాజులో ఉన్నానని చెప్పాడు, కొట్టు తలుపు తీసే వదిలేశానని కూడా చెప్పాడు. నమాజు చేసేవాడు పక్కవాణ్ని చూస్తాడా అని గురునాథరావు కొట్టిపారేశాడు. సాయంత్రం అయిదింటికి దావూద్‌ని మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. దావూద్ భార్య రషీదా పొద్దున్నే కంచరపాలెంలో శుభాకర్ గది తలుపు తట్టి అడిగింది ఒక్కటే. "ఆయన్ని ఊపిరితో ఇంటికి తెచ్చిపెట్టు బాబూ."

తెచ్చిపెడతానని శుభాకర్ మాటిచ్చాడు. ఇవ్వకుండా ఉండాల్సింది.

"మీదేవూరు సార్?" అనడిగాడు ఇప్పుడు.

"తెనాలి. ఏం?"

"ఇక్కడికొచ్చి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు. నా జాతకం నీకెందుకు?"

శుభాకర్ కిటికీలోంచి తల బయటపెట్టి, కింద కాపలా ఉన్న హెడ్ కానిస్టేబుల్ జగ్గయ్యని టీ తెప్పించమన్నాడు. జగ్గయ్య ఎదుటి కొట్టువైపు తిరిగి కేకేశాడు. "బావా, మేడమీదకి మూడు టీలు అంపు."

"అడగండి సార్, ఆ టీకొట్టాయన జగ్గయ్యకి ఏమవుతాడో."

గురునాథరావు మొహం చిట్లించుకుంటూనే కిందికి వంగి అడిగాడు.

"ఏటీ అవడండి," అన్నాడు జగ్గయ్య తెల్లబోయి. "పేరు కూడా తెల్దు."

"ఈ ఊళ్లో మగాడు మగాణ్ని పలకరిస్తే బావా అనే అంటాడు సార్," అన్నాడు శుభాకర్. "రిక్షావాణ్నంటారు, లాంచి డ్రైవర్నంటారు, తగువు పెట్టుకున్నవాణ్ని కూడా బావా అనే తిడతారు. చుట్టరికమేమీ అక్కర్లేదు."

"మా వైపు బావంటే బావే. మేజిస్ట్రేటుది కూడా మా వైపే," అన్నాడు గురునాథరావు.

గుమ్మం దగ్గర రషీదా నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. శుభాకర్ ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, మీ తమ్ముడు మీ ఆయన్ని ఏమని పిలిచేవాడు?"

"దుల్హేభాయ్ అని. ఇంకేటంటాడు?"

"ఎప్పుడైనా బావా అన్నాడా?"

"ఇంట్లో మేము తెలుగెప్పుడు మాటాడినాం బాబూ? బావా అని ఊరోళ్లనంటాడు. ఇంట్లో పెద్దాయన్ని అలాగంటాడేటి? తప్పు కాదా?"

"విన్నారా సార్. ఈ గదిలోకి వచ్చినవాడు ఎవరైనా కావచ్చు, దావూద్ మాత్రం కాదు. దావూదే అయ్యుంటే టేపులో ఉర్దూ వినపడేది."

 గురునాథరావు చెడ్డవాడు కాదు గానీ, ఒకసారి బిగించిన మేకు మళ్లీ పీకడం అతని ఒంటికి పడదు. టేపు మిషను మూత వేసి జగ్గయ్యని పిలిచాడు.

"భార్య మొగుడి తరఫున చెప్పే మాట సాక్ష్యం కాదయ్యా. అయిదింటిదాకా టైముంది. ఈలోపల దావూద్ నోటితోనే చెప్పిస్తాను."

ఆ మాట రషీదా కూడా విన్నది. గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. శుభాకర్‌కి ఆమె మొహంలోకి చూడటానికి సిగ్గేసింది.

ఇన్‌స్పెక్టర్ మెట్లు దిగాక శుభాకర్ గది చూడటం మొదలుపెట్టాడు. "దాన్ని దించకు" అన్నాడు బాషా. దేన్ని? గోడ మీద పది బొమ్మలున్నాయి. పదకొండో మేకు ఖాళీ. దాని బొమ్మ కింద, గోడకి మొహం పెట్టి ఆనించి ఉంది. గన్నీబస్తా భుజాన వేసుకుని ఓడ నిచ్చెన ఎక్కుతున్న కూలీ. చూడ్డానికి ఏ లోపమూ లేదు. శుభాకర్‌కి బొమ్మల గురించి తెలిసింది కూడా అంతంతమాత్రమే. బాగుంటే బాగుందంటాడు.

వెనకవైపు మాత్రం అతని చూపు ఆగింది. బొమ్మ గుడ్డని చెక్కచట్రానికి కొట్టిన బుడిపె మేకులు మెరుస్తున్న ఇనపవి. పక్కనున్న బొమ్మ దించి చూశాడు. ఇత్తడివి. దాని పక్కది మళ్లీ ఇనపవి. ఒక్కొక్కటే దించి చూస్తే అయిదింటికి ఇనుము, మిగతావాటికి ఇత్తడి.

"అమ్మా, మీ ఆయన ఏ మేకులు వాడతాడు?"

"ఇత్తడివే. ఈ సముద్రం గాలికి ఇనపవి నెల తిరక్కుండా తుప్పు కారతాయి, గుడ్డ పాడైపోద్దంటాడు. ఇనపవి ఎక్కడున్నాయి?" రషీదా లేచి వచ్చి చూసింది. ఆమె చేత్తో అయిదు బొమ్మలూ ముట్టుకుంది. "ఇవి మద్రాసు ఎళ్లొచ్చినయ్యి బాబూ. అక్కడ పెద్ద లైట్ల కింద ఫిలిం తీయాలని డైరెక్టరుగారు పట్టుకెళ్లినారు. పోయిన వారం తిరిగొచ్చినాయి. అప్పట్నుంచీ తమ్ముడు అన్నం సరిగ్గా తిన్లేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను."

 గుడ్డల్ని చట్రాలనుంచి ఊడదీశారు. మళ్లీ కొట్టారు. మళ్లీ కొట్టినవి అవే గుడ్డలా, వేరేవా? అసలు బొమ్మలు ఎక్కడో ఎవరి బంగళాలోనో వేలాడుతూ, ఇక్కడికి నకళ్లు వచ్చాయా? చెప్పగలిగిన మనిషి ఒక్కడే. అతణ్ని పొద్దున్నే ఖననం చేసొచ్చారు.

టీకొట్టు బల్ల మీద గురువులు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముందున్న గ్లాసులో టీ మీగడ కట్టింది.

"ఏటి బావా, టీ సల్లారిపోనాది," అంటూ శుభాకర్ పక్కన కూర్చున్నాడు.

"తాగబుద్ధవట్లేదు సార్. నాను ఆ మిషను ఒగ్గీసి కిందకి రాకపోతే ఆయన బతికీవోడు."

"నువ్వు ఒగ్గీసి రాబట్టే గొంతయినా దొరికింది. ఒక్క మాట చెప్పు. కెమెరా ఆగినాక బాషాగారు మీ డైరెక్టర్ని ఏమని పిలిచీవోడు?"

గురువులు చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"బావా అనే. మొదట్రోజు కెమెరా ముందర కూడా అలాగే అన్నాడు. డైరెక్టరుగారు కట్ సెప్పీసి, ఆ టేపు సెరిపించీసి, సినిమాలో బావా అంటే సూసేవోళ్లకి సులకనగుంటది, సార్ అనండి అన్నారు. పాపం రోజూ తడబడీవోడు. కెమెరా ఆగిందంటే మళ్లీ బావే. నన్నూ బావే, లైటోళ్లనీ బావే."

"మరి ఇన్‌స్పెక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"ఆయన టేపుల్లో ఏటంటాడు అని అడిగినాడు సార్. టేపుల్లో సార్ అనే గదా అంటాడు."

శుభాకర్‌కి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఒక మనిషి ప్రాణం ఇంత చిన్న ప్రశ్నలో జారిపోతోంది.

"రేపు అందరి ముందరా చెప్తాను అన్నాడు టేపులో. ఏం చెప్దామనుకున్నాడో నీకు తెలుసా?"

గురువులు గ్లాసు పక్కకి నెట్టాడు. 

"నిన్న పొద్దున్న డైరెక్టరుగారు రాకముందు నన్ను పిలిచినాడు. ఆ చిన్న కెమెరా ఉంది గదా, కీ ఇచ్చి తిప్పేది, దాన్తో నాకో రీలు తియ్యి బావా అన్నాడు. నాను సౌండోణ్ని, నాకు రాదంటే బటను నొక్కితే సాలన్నాడు. గోడ మీద బొమ్మలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కాడ నిలబడి, దాని మీద వేలెట్టి, నా వైపు సూసి తలూపినాడు. కొన్నిటికి ఔనన్నట్టు, కొన్నిటికి కాదన్నట్టు. మాట లేదు. ఆ కెమెరాకి సౌండుండదు. నాకేటీ అర్థమవలేదు. డైరెక్టరుగారికి సెప్పకు బావా, రేపు అందరం కూకున్నాక నానే సెప్తానన్నాడు."

"వేటికి కాదన్నాడు?"

"గురుతు లేదు సార్. దేవుడి తోడు. నాను బొమ్మ వంక సూడలేదు, బటను వంకే సూసినాను."

"ఆ రీలు ఎక్కడుంది?"

"డబ్బాలో ఎట్టి ప్లాస్టరేసి, మిగతావాటితో పెట్లో ఎట్టినాను. రాత్రి పోలీసులు పెట్టెతో సహా పట్టుకుపోనారు."

శుభాకర్ గుండె తేలికపడింది. కడగని ఫిలిం అది, మద్రాసు ల్యాబుకి వెళితే గానీ బొమ్మ పడదు. పడిందా, చచ్చిపోయిన మనిషే వచ్చి సాక్ష్యం చెప్పినట్టు. ఏ బొమ్మ తనదో, ఏది కాదో. అతను కాదన్న వాటి వెనక ఇనప మేకులుంటే దావూద్‌కి సంకెళ్లు ఊడిపోయినట్టే.

"ఇదంతా ఇన్‌స్పెక్టరు ముందు చెప్తావా బావా?"

"రీలు కడిగించండి సార్. అందులో ఆయన కనపడితే నాను ఎక్కడైనా సెప్తాను. ఉత్తి నోటితో సెప్తే నన్నెవుడూ నమ్మడు, మళ్లీ నాకు మద్రాసులో పని పుట్టదు. ఆడపిల్లలు ముగ్గురు సార్ నాకు."

అందులో తప్పు పట్టడానికేముంది. శుభాకర్ లేచాడు. లాకప్పులో మొగుడికి అన్నం పట్టుకెళ్తున్న రషీదా ఎదురైతే, ఒక ఫిలిం దొరికింది, అందులో మీ తమ్ముడే తలూపి చూపించాడు, దాంతో అంతా తేలిపోతుంది అని ఆమెకి ధైర్యం చెప్పాడు. ఆమె కొంగు కళ్లకద్దుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

పెట్టె పోలీసు స్టేషన్లో తాళం కింద ఉంది. ఊరు మొత్తమ్మీద అంతకంటే భద్రమైన చోటు లేదు. కాబట్టి తొందరేమీ లేదనుకున్నాడు శుభాకర్. ముందు శ్రీరామ్మూర్తిని కదిపి చూద్దాం, అయిదులోపల వాడి నోటినుంచి ఒక్క మాట జారినా చాలు అనుకుని స్కూటరు కంచరపాలెంలో అతను దిగిన లాడ్జి వైపు తిప్పాడు. తెలివైనవాళ్లు కూడా ఇలాగే బోర్లా పడతారు.

లాడ్జి గదిలో శ్రీరామ్మూర్తి పెట్టె సర్దుకుంటున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఖద్దరు లాల్చీ, మెడలో కళ్లద్దాల తాడు, మెత్తటి మాట.

"రండి. కాఫీ తెప్పించనా?"

"వద్దు. హత్య జరిగినప్పుడు మీరెక్కడున్నారు?"

"పాత పోస్టాఫీసులో. మద్రాసుకి ట్రంకాల్ బుక్ చేశాను. స్లిప్పు ఇన్‌స్పెక్టరుగారి దగ్గరుంది."

"కాల్ మాట్లాడారా?"

"లైను దొరకలేదు. ఆ సంగతి మీకు తెలియందేముంది, దొరకడమే విచిత్రం."

"పోస్టాఫీసునుంచి దావూద్ కొట్టు వెనక గుమ్మానికి నాలుగడుగులు."

"మసీదుకీ నాలుగడుగులే, టీకొట్టుకీ నాలుగడుగులే. అది సందండీ, మైదానం కాదు."

శుభాకర్‌కి ఒళ్లు మండింది. "బాషాగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?"

"సార్ అని. టేపులు విన్నారుగా."

"కెమెరా ఆగినప్పుడు?"

శ్రీరామ్మూర్తి చొక్కా మడత పెట్టడం ఆపి చిన్నగా నవ్వాడు. "గురువులు చెప్పాడా? నిజమే, అప్పుడప్పుడు బావా అనేవాడు. మాది విజయనగరం లెండి, నాకది కొత్త కాదు. ఊరందర్నీ అలాగే అనేవాడు. ఊరందర్నీ అరెస్టు చేయిస్తారా?"

"మద్రాసునుంచి తెచ్చిన బొమ్మలకి ఇనప మేకులెందుకున్నాయి?"

"రైల్లో ఫ్రేములతో తేలేం. చుట్టచుట్టి తీసుకెళ్లాం, చుట్టచుట్టి తెచ్చాం. ఇక్కడికి తెచ్చాక లైట్ల కుర్రాళ్లు దొరికిన మేకులు కొట్టారు. అదేమన్నా నేరమా?"

ఏది అడిగినా దానికి ఒక జవాబు తయారుగా ఉంది. గోడకి బంతి కొడుతున్నట్టుంది శుభాకర్‌కి. గడియారం మూడు దాటింది. అక్కడ లాకప్పులో దావూద్ నోటితో "చెప్పించే" కార్యక్రమం జరుగుతూ ఉంటుంది. ఆ ఊహతో అతనికి ఓర్పు పూర్తిగా పోయింది.

"మీరెన్నయినా చెప్పండి. నిన్న పొద్దున్న మీరు రాకముందు బాషాగారు ఒక రీలు తీయించుకున్నారు. ఏ బొమ్మ తన చేతిదో, ఏది కాదో అందులో ఆయనే చూపించారు. అది కడిగిస్తే మీ మేకుల కథ అప్పుడు వింటాను."

అలా అన్నాక ఆ మొహం పాలిపోతుందని ఎదురుచూశాడు. పాలిపోలేదు. శ్రీరామ్మూర్తి కళ్లద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు.

"పాపం, నాకు చెప్పనేలేదు," అన్నాడు. "ఎక్కడుంది ఆ రీలు?"

"పోలీసు తాళం కింద."

"అయితే మంచిదే. భద్రంగా ఉంటుంది."

వాకిలిదాకా వచ్చి సాగనంపాడు. కింద హాల్లో మేనేజరు బల్ల మీద టెలిఫోనుంది. శుభాకర్ దాని పక్కనుంచే నడిచి వెళ్లాడు. చూశాడు కూడా. చూసి ఏమీ అనుకోలేదు.

రైల్వే గేటు పడి ఉంది. హార్బరుకి వెళ్లే ఇనప ఖనిజం గూడ్సు ఒకటి ఈడ్చుకుంటూ వస్తోంది. వ్యాగను వెనక వ్యాగను, అంతమన్నది లేదు. మధ్యలో అది ఆగిపోయింది కూడా. శుభాకర్ స్కూటరు ఇంజను ఆపి, మళ్లీ స్టార్టు చేసి, మళ్లీ ఆపాడు. ఎందుకో మనసు కీడు శంకించడం మొదలుపెట్టింది. అంత తాపీగా "మంచిదే" అన్నాడేమిటి? ఉరితాడు సంగతి చెబితే కళ్లద్దాలు తుడుచుకున్నవాడు మామూలు మనిషి కాదు. పక్క లారీవాడు బీడీ ముట్టించుకుని, "కంగారుపడి ఏటి సేత్తావు బావా, అది కదిల్నప్పుడే కదుల్తాది," అన్నాడు.

స్టేషను ఆవరణలో స్కూటరు స్టాండు కూడా వేయకుండా దిగి పరుగెత్తాడు. వరండా మెట్ల దగ్గరే కాళ్లు ఆగిపోయాయి.

వరండా అంతా ఎండ. ఆ ఎండలో ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి బట్టలారేసినట్టు ఫిలిం సాగదీసి ఉంది. జగ్గయ్య ఒక కొస పట్టుకున్నాడు. బల్ల మీద డబ్బాల మూతలన్నీ తీసి వరసగా పెట్టారు. పక్క వీధిలోంచి తెచ్చిన సాక్షులిద్దరు కుర్చీల్లో బుద్ధిగా కూర్చుని ఉన్నారు. గురునాథరావు ఫిలిం ముక్కని సూర్యుడికెదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"రావయ్యా, సమయానికొచ్చావు. అన్నీ విప్పాం. ఒక్కదాన్లోనూ బొమ్మ లేదు. ఉత్త ఖాళీ ఫిలిం. వీళ్లు సినిమా తీస్తున్నారో, ఊరిని మోసం చేస్తున్నారో."

 శుభాకర్ వెళ్లి డబ్బాలు చూశాడు. ఒకదానికి మాత్రం గురువులు వేసిన తెల్ల ప్లాస్టరు ఇంకా అంచుకి వేలాడుతోంది. దానిలోని చుట్టే ఇప్పుడు స్తంభాల మధ్య వేలాడుతోంది. హుస్సేన్ బాషా ఔనన్నవీ కాదన్నవీ అన్నీ అందులోనే ఉండేవి.

"కడగని ఫిలిం సార్ అది," అన్నాడు. "బొమ్మ కనపడదు. వెలుతురు తగిలితే లోపలున్నది మాడిపోతుంది. అందులో బాషా ఉన్నాడు. దావూద్‌ని విడిపించేది అదొక్కటే."

"అదేమిటి? నాకలా చెప్పలేదే."

"డబ్బా మీద చీకట్లో మాత్రమే తెరవాలని రాసి ఉంది గదా."

"ఉంది. చూశాను, చూడకపోవడానికి నేనేం గుడ్డివాణ్నా? అడిగాను కూడా. ఆ లేబుళ్లు పాతవి, పట్టించుకోనక్కర్లేదన్నారు."

"ఎవరు?"

"శ్రీరామ్మూర్తిగారే. ఇందాక ఫోన్ చేశారు. డబ్బాల్లో ఇంకేమన్నా దాచారేమో, ఒక్కో చుట్టా పూర్తిగా విప్పి ఎండకి పట్టి చూసుకోండి, సాక్షుల ముందయితే మరీ మంచిదన్నారు. చాలా మర్యాదగా..." గురునాథరావు అక్కడ ఆగాడు.

  జీవితమంతా ఫిలింతో బతికినవాడు దాన్ని ఎండలో విప్పమని ఎందుకు చెబుతాడన్న ప్రశ్న ఇన్‌స్పెక్టరు మొహం మీదే మెల్లగా పైకి తేలింది. అతని చేతిలోని ఫిలిం ముక్క కిందికి జారింది. శుభాకర్‌కి ఒక్క క్షణం ఆశ కలిగింది. ఇప్పుడు జీపు తీయిస్తాడు, లాడ్జికి మనుషుల్ని పంపిస్తాడు అనుకున్నాడు.

గురునాథరావు బల్ల మీదున్న పంచనామా తీసి చదివాడు. తన సమక్షంలో, తన ఉత్తర్వు మీద, ఇద్దరు సాక్షుల ఎదుట డబ్బాలు తెరిచినట్టు అందులో ఉంది. కింద సంతకం తనదే. రెండుసార్లు చదివాడు. 

"సార్, ఆ ఫోను సంగతి ఒక్కటి రాయండి," అన్నాడు శుభాకర్. అతని గొంతు అతనికే బతిమాలుతున్నట్టు వినపడింది. "మీ మీదికి రాకుండా నేను చూస్తాను. లాడ్జి మేనేజరు సాక్ష్యం ఉంది, ఎక్స్‌చేంజిలో..."

"ఏ ఫోను?" అన్నాడు గురునాథరావు.

జగ్గయ్య తల దించుకున్నాడు.

"నాకెవరూ ఫోన్ చేయలేదు. సీజు చేసిన సొత్తు సాక్షుల ముందు విప్పి చూడటం నా డ్యూటీ, చూశాను. ఫిలిం ఖాళీ. జగ్గయ్యా, అది చుట్టేసి పెట్లో పడెయ్. ఖాళీ అని రాయి. వ్యాను తీయించు."

అప్పుడర్థమైంది శుభాకర్‌కి, తను దావూద్‌ని ఎంత లోతుకి తోశాడో. పొద్దున దావూద్ మీద గురునాథరావుకి అనుమానం మాత్రమే ఉంది. ఇప్పుడు దావూదే హంతకుడు కావడం అతనికి అవసరం. కాకపోతే సాక్ష్యాన్ని చేజేతులా ఎండబెట్టిన ఇన్‌స్పెక్టరు ఎవరని అడుగుతారు. ఆ రీలు సంగతి శ్రీరామ్మూర్తి చెవిన వేసినవాడు ఎవరని మాత్రం ఎవరూ అడగరు. శుభాకర్‌కి ఆ గోడకి తల బాదుకోవాలనిపించింది.

దావూద్‌ని బయటికి తెచ్చారు. పెదవి చిట్లింది. ఎడమచెయ్యి కదల్చలేకుండా ఉన్నాడు. ఊపిరి పీలుస్తుంటే లోపల కొలిమితిత్తి ఆడుతున్నట్టు చప్పుడవుతోంది. అయినా శుభాకర్‌ని చూసి నవ్వబోయాడు.

"మా ఆవిడ సెప్పింది బాబూ. ఫిలిం దొరికిందంట గదా. ఇందాక మంచం కోడుతో కొడతంటే కూడా నాను సెప్పలేదు, ఆ ఫిలిం ఉంది గదా అని ఓర్సుకున్నాను. అందులో మా హుస్సేను తలూపుతాడంట. కడిగినాక నాకూ ఓపాలి సూపించండి."

"ఏ ఫిలిం?" అన్నాడు గురునాథరావు వెనకనుంచి. "దాన్లో ఏమీ లేదు. ఖాళీ."

దావూద్ ఇన్‌స్పెక్టరు మాట నమ్మలేదు. శుభాకర్ వైపు చూశాడు. కాదని ఒక్క మాట చెబుతాడేమోనని చూస్తూ నిలబడ్డాడు. శుభాకర్ కాదనలేకపోయాడు. తల పక్కకి తిప్పుకున్నాడు.

కాసేపటికి ముసలాయనకి అర్థమైంది. వ్యాను అంచు పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు.

"మరి కోర్టులో నానేటి సెప్పాలి బాబూ?"

"ఏం చెప్పాలో దారిలో నేను చెప్తాను," అన్నాడు గురునాథరావు. "ఎక్కు."